ఫ్రీజరుకు బొట్టు

సారు పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఆ కబురు కిందనే యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్ పాత హెడ్డు గారు రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, "క్యాన్సర్‌ను జయించిన మహామనీషికి అశ్రునివాళి" అని రాశారు. ఆ తర్వాత వరసగా అందరిదీ అదే బొమ్మ, అదే మాట. సారు బతికుండి అది చూసుంటే వెంటనే ఫోన్ చేసి, "యాడ జయించినానమ్మా? ఎప్పుడు? నాకెవరూ చెప్పలేదే!" అని అడిగి ఉండేవారు. ఆయన క్యాన్సర్‌ను జయించలేదు. క్యాన్సర్ కూడా ఆయన జోలికి రాలేదు. రిటైరైన కొన్నాళ్ళకు తిరుపతిలో తన ఇంట్లోనే, పొద్దున పేపరు చదువుతూ, గుండె ఆగి పోయారు.

చిత్తూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను. పక్క కుర్చీలో లెక్కల మేడమ్ కంగారుపడి, "మీకేమవుతారు?" అని అడిగింది. "నా పీహెచ్‌డీ గైడు" అన్నాను. "గైడు పోతే ఏడ్చేవాళ్ళు కూడా ఉంటారా!" అని ఆవిడ నోరు తెరిచింది. ఆవిడ గైడు ఆవిడ చేత రోజూ ఇంటికి కూరగాయలు తెప్పించుకునేవాడట.

సారు పని లివర్ క్యాన్సర్ మీద. లివర్‌లో పుట్టిన క్యాన్సర్ అక్కడే పడి ఉండకుండా ఊపిరితిత్తులకో ఎముకలకో ఎందుకు బయల్దేరుతుంది, దాన్ని సాగనంపేది ఎవరు అన్నది ఆయన ప్రశ్న. అనుమానమంతా ఒక రకం ఆర్‌ఎన్‌ఏ మీద. ఆర్‌ఎన్‌ఏ అంటే ప్రోటీన్ తయారీకి పనికొచ్చే నకలు అని మనం స్కూల్లో చదువుకుంటాం. కానీ ఏ ప్రోటీనూ తయారు చెయ్యని ఆర్‌ఎన్‌ఏలు కూడా మన కణాల్లో కుప్పలుతెప్పలుగా ఉంటాయి. చాలాకాలం వాటిని చెత్త కింద జమకట్టారు. సారు సర్వీసంతా వాటి వెంబడే పడ్డారు గనక మా క్యాంపస్‌లో ఆయన్ని వెనకాల చెత్త సారు అనేవాళ్ళు. ఆయనకు ఆ సంగతి తెలుసు. ఎవరైనా ఆయన గది ఎక్కడని అడిగితే తానే, "చెత్త సారు రూమా? రాండి, నేనూ ఆడికే పోతా ఉండాను" అని వెంటబెట్టుకుని వచ్చేవారు.

ఒకసారి ప్రాజెక్టు ఫైలు మీద సంతకం కోసం మెయిన్ బిల్డింగులో ఒక పెద్ద అధికారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఫైలు తిరగేసి, "ఏమీ తయారు చెయ్యని దాని మీద ఇన్నేళ్ళు రీసెర్చి ఏమిటండీ?" అన్నాడు.

సారు ఎంతో వినయంగా, "ఈ బిల్డింగులో ఎవరు ఏం తయారు చేస్తా ఉండారు సార్? అయినా యూనివర్సిటీ అంతా ఈ బిల్డింగు చెప్పినట్టే గదా నడిచేది! ఇదీ అంతే. పని చెయ్యదు, పెత్తనం చేస్తాది" అన్నారు.

ఫైలు ఆ టేబుల్ మీద చాలాకాలం విశ్రాంతి తీసుకుంది.

ఆ పెత్తనం ఎట్లా సాగుతుందో పిల్లలకు చెప్పడానికి ఆయనకు అలిపిరి ఉండేది. కొండకు పోయే ప్రతి బండినీ అలిపిరిలో ఆపి తనిఖీ చేస్తారు కదా. "మన కణంలోనూ అట్లా తనిఖీ చేసే చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఉండాయి. కణం ఊరొదిలి పొయ్యే దానికి కావాల్సిన సరుకేదైనా తయారవతా ఉంటే అవి పట్టుకుని ఆపుతాయి. నేను చెప్పే పొడుగు ఆర్‌ఎన్‌ఏ ఉండాదే, అది బండి తోలదు, సరుకు మొయ్యదు. నేరుగా ఆ తనిఖీ చేసే మనిషి దగ్గరికి పోయి, అబ్బా, రాప్పా టీ తాగొద్దామని భుజం మీద చెయ్యేసి పిలుచుకుపోతాది. అంతే. ఇంక బండ్లు పోతానే ఉంటాయి." ఇంత చెప్పి, "ఇది మనకు అర్థమయిందని మనం అనుకుంటా ఉండాం. నిజం ఏందో ఇంకా సూడాల" అని ముగించేవారు. నా థీసిస్‌లో 'నిరూపించాం' అని రాసిన చోటల్లా కొట్టేసి 'అనిపిస్తోంది' అని రాశారు. చదివితే థీసిస్ అంతా ఏదో కలగన్నట్టు తయారైంది.

ఆర్‌ఎన్‌ఏ మహా సుకుమారం. మన వేళ్ళ మీద ఉండే చెమట తగిలినా ముక్కలైపోతుంది. అందుకని సారు దేన్నీ చేత్తో తాకేవారు కాదు. తలుపును మోచేత్తో నెట్టేవారు, కుళాయిని మోచేత్తో తిప్పేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చేతి తొడుగులు ఉండేవి. ల్యాబులో మొదలైన ఆ అలవాటు ఇంటికీ హోటలుకూ కూడా పాకింది. ఆయన వాళ్ళ నాయన గుడి కైంకర్యంలో ఉండి పోయిన మనిషి కావడంతో, సారు ఎవరికీ చెయ్యి ఇవ్వకపోతే అది మడి అనుకుని కొత్తగా చేరిన ఒక లెక్చరర్ నొచ్చుకున్నాడు. సారు అతన్ని పిలిచి కూర్చోబెట్టారు. "మా ఇంట్లో మడికీ దీనికీ రూల్సన్నీ ఒకటేనప్పా. ఒక్కటే తేడా. మడి చెడితే ఎవరికీ తెలియదు. ఇది చెడితే ఆర్‌ఎన్‌ఏను పరీక్ష చేసే జెల్ మీద కనబడతాది" అన్నారు.

ఆయన పేపరొకటి అచ్చయినప్పుడు హెడ్డు గారు ప్రెస్‌మీట్ పెట్టారు. మర్నాడు "క్యాన్సర్‌కు తిరుపతిలో చెక్!" అని పేపర్లో పడింది, హెడ్డు గారి ఫోటోతో. ఆ మర్నాటి నుంచి డిపార్ట్‌మెంట్ మెట్ల మీద జనం. స్కానింగ్ కవర్లు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. తడ నుంచి ఒకాయన కదల్లేని తల్లిని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని వచ్చాడు. హెడ్డు గారు ఆ వారమంతా సెలవు పెట్టారు. సారు వరండాలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పారు. "లేదప్పా, మందు లేదు. మా దగ్గర ఉండేది ఒక అనుమానమే. మందయ్యే దానికి ఇంకా శానా కాలం పడతాది. కాకపోనూ వచ్చు." తడ ఆయన ఆ ఎండలో కారు డోరు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. సారు లోపలికి వచ్చి ఆ పూట అన్నం తినలేదు. ఆయనకు అంత బాధ కలిగిందని మాకు డబ్బా మూత కూడా తియ్యకపోవడం చూసి తెలిసింది.

ఆపరేషన్లో తీసిన లివర్ ముక్కలు మాకు ఆస్పత్రి నుంచి రావాలి. అందుకు రోగి వైపు నుంచి ఒప్పుకోలు కావాలి. దానికి ఆస్పత్రిలో ఒక మనిషి ఉన్నా, ఆ మనిషి "సంతకం పెడితే మీకే మంచిది" అని తేల్చేస్తున్నాడని తెలిసి సారు తానే వెళ్ళడం మొదలుపెట్టారు. వరండాలో రోగుల బంధువుల పక్కన నేల మీద చతికిలబడి కూర్చునేవారు. ఒక వేసవిలో పాకాల నుంచి ఒకామె వచ్చింది. మొగుడు స్టేషన్ దగ్గర జాకెట్లు కుట్టే టైలరు. మర్నాడు అతనికి ఆపరేషన్.

"కోసి తీసిందాంట్లో చిన్న ముక్క మాకియ్యండమ్మా. అది యాడికైనా పాకేదానికి సిద్ధమయిందా, ఎవరు సిద్ధం చేసినారు అని చూస్తాం" అన్నారు సారు.

"దానివల్ల మా ఇంటాయనకి నయమవతాదా సార్?"

"కాదమ్మా. ఆయనకు ఏం పనికిరాదు."

ఈ ముక్క కూడా పోయిందని నేను మనసులో లెక్కేసుకున్నాను. అంతలో ఆమె గొంతు తగ్గించి, "సార్, దాంట్లో సూస్తే ఆయన తాగలేదని తెలుస్తాదా?" అంది.

సారుకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఆయన జన్మలో మందు ముట్టలేదు. కానీ లివరు పోయిందని తెలిసిన రోజు నుంచి ఊళ్ళో అందరూ దొంగచాటుగా తాగేవాడని అంటున్నారు. సొంత అన్నే అంటున్నాడు. అంగట్లో తలుపేసుకుని తాగేవాడని, పెళ్ళాం దాన్ని కప్పిపుచ్చుతోందని. "ఆయన ఆ మాట వినే మంచంలో ఏడస్తా ఉండాడు సార్. నొప్పికి ఏడవలేదు, దీనికి ఏడస్తాడు. మీరు సూసి మావోళ్ళకి వచ్చి చెప్తారా?"

"దీంట్లో ఆ సంగతి తెలియదమ్మా" అన్నారు సారు. ఆమె ముఖం చూసి, "డాక్టర్లకి తెలిసుంటాది. నేను కనుక్కుని చెప్తాను" అన్నారు. ఆమె సంతకం పెట్టింది.

ముక్క వచ్చింది. మంచి ముక్క. సారు ఎంత సంబరపడ్డారంటే, కనుక్కుంటానన్న మాట పూర్తిగా మరిచిపోయారు. మేమిద్దరం ఆ ముక్కనూ అలాంటివే మరికొన్నింటినీ మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో పెట్టి, దసరా సెలవుల తర్వాత అన్నీ కలిపి ఒకేసారి చూద్దామనుకున్నాం.

ఆయుధపూజకు ముందురోజు సారు ఎవరిదో వైవా ఉందని హైదరాబాద్ వెళ్ళారు. నేను సెలవులకని చిత్తూరులో మా ఇంటికి వచ్చేశాను. హెడ్డు గారు పూజ ఘనంగా చేయించారు. మైక్రోస్కోపులకు గంధం, సెంట్రిఫ్యూజుకు చామంతి దండ, ఫ్రీజరు తలుపు మీద మూడు వేళ్ళతో పసుపు, నడుమ కుంకం బొట్టు. బొరుగులు, బెల్లం పంచారు. అంతా అయ్యాక, పూజనాడు పనిముట్లను కదిలించకూడదు గనక, "ఈ రోజు యంత్రాలకు విశ్రాంతి. అన్నీ ఆపించు" అని అటెండర్‌కు చెప్పారు.

"పెద్ద ఫ్రిజ్జు కూడానా సార్?"

"ఫ్రిజ్జు యంత్రం కాదా?"

అటెండర్ దండం పెట్టుకుని ప్లగ్గు పీకాడు. మీదట అందరూ సెలవులకు పోయారు. ఫ్రీజరుకు బ్యాటరీ మీద మోగే అలారం ఒకటుంది. అది కూసి కూసి, పట్టించుకునే దిక్కులేక ఊరుకుందని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. పూజలో పెట్టిన మిషను గదా, ముట్టుకుంటే ఏమవుతుందోనని అతను దగ్గరికి పోలేదట.

సెలవుల తర్వాత తలుపు తీస్తే నేలంతా నీళ్ళు, మాంసం కుళ్ళిన వాసన. బొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. సారు ఆ నీళ్ళలోనే కూలబడ్డారు. చేతి తొడుగులు తొడుక్కుని ముక్కలుంచిన ఒక్కొక్క గొట్టం తీసి చూశారు. లాభం లేదని తెలిసీ కొన్నింటిని జెల్ మీద నడిపించారు. విడివిడిగా గీతలు కనబడాల్సిన చోట పైనుంచి కిందికి మసక. "సాంబారయిపోయిందమ్మా" అన్నారు. నాకు హెడ్డు గారి మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన గది ముందు నుంచి పోవాల్సి వస్తుందని కొన్నాళ్ళు వెనక మెట్ల మీద నుంచి తిరిగాను.

విచారణ కమిటీ వేశారు. అధ్యక్షులు హెడ్డు గారే. 'విద్యుత్ అంతరాయం' అని తేల్చారు. ప్లగ్గు పీకడం కూడా అంతరాయమే కాబట్టి అందులో అబద్ధం లేదు. కమిటీలో ఒక సభ్యుడు, ఫ్రీజరు కింద నిమ్మకాయ పెట్టడం మరిచిపోయారని, వచ్చే ఏడు ఆ లోపం రాకూడదని సూచించాడు. దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

ముక్కలిచ్చిన వాళ్ళకు చెప్పాలని సారు పట్టుబట్టారు. "వాళ్ళకెందుకు సార్, ఎవరడుగుతారు?" అని ఆఫీసంతా అంది. "అడగరు గాబట్టే మనం చెప్పాల" అన్నారు. పాకాల ఆమె వంతు వచ్చేసరికి ఆయన ముఖం మారిపోయింది. కనుక్కుంటానన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే ఆస్పత్రిలో డాక్టరమ్మకు ఫోన్ చేశారు.

"ఆయనకా? హెపటైటిస్ బి కదా సార్. మొదటి రోజు రక్తపరీక్షలోనే తెలుసు. ఎన్నేళ్ళ నుంచో ఉండి ఉంటుంది. తాగుడుకి సంబంధం లేదు" అందావిడ.

"ఆ మాట వాళ్ళావిడకు ఎవరు చెప్పినారు?"

"రిపోర్టులో ఉంది కదా సార్."

సారు ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "ఆమె అడిగిందానికి మన ఆర్‌ఎన్‌ఏ అక్కర్లేదు, ఈ ఫ్రీజరు అక్కర్లేదు. మామూలు రక్తపరీక్ష సాలు. ఆమె అడిగిన రోజే తెలుసు. ఒక మాట చెప్పేదానికి ఇంత పెద్ద ఆస్పత్రిలో మనిషి లేడు, నాతో సహా" అన్నారు.

పాకాలకు ఫోన్ చేస్తే ఆమే ఎత్తింది. "ఆయన లేడు సార్. ఊపిరితిత్తులకి పాకిందన్నారు. ఆయితారం పెద్దదినం" అంది.

ఆదివారం ఆ పెద్దకర్మకు ఇద్దరం రైల్లో పాకాల వెళ్ళాం. సారు రైలెక్కేటప్పుడు కూడా కమ్మీని మోచేత్తోనే పట్టుకోబోతే, వెనకాయన "చేతులకేమైందప్పా పెద్దాయనకి?" అని జాలిపడి రెక్క పట్టి ఎక్కించాడు.

ఇంటి ముందు షామియానా. లోపల గోడకు ఆనించి ఫోటో. ముందు అరిటాకు మీద పోయినాయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. వడలు, మైసూరుపాకు, వక్కాకు. వాటి పక్కనే, మూత కూడా తియ్యని బ్రాందీ సీసా. పోయినవాళ్ళు తాగేవాళ్ళయితే ఆ రోజున అదీ పెట్టడం మా వైపు మామూలే. ఆమె తలుపు దగ్గర ఆ సీసానే చూస్తూ నిలబడి ఉంది. తెచ్చింది మొగుడి అన్న.

సారు ముందు ఆమెను పక్కకు పిలిచి ఫ్రీజరు సంగతి చెప్పారు. ఏమీ దాచలేదు. "పూజ చేసి ఆపేసినారమ్మా. నీ మొగుడి ముక్క చెడిపోయింది. మేం కాపాడలేకపోయినాం. తప్పు మాదే" అన్నారు.

ఆమె అయోమయంగా చూసింది. "మేమూ మిషనుకి ఆ పొద్దు బొట్టు పెట్టి తొక్కం సార్" అంది. ఎవరినీ తిట్టలేదు. "నేనడిగింది తెలిసిందా?" అంది.

"తెలిసింది. నలుగుర్లో చెప్పచ్చునా?"

"నలుగుర్లో చెప్పాలనే గదా నేనడిగింది!"

సారు వెళ్ళి షామియానా కింద నిలబడ్డారు. సభల్లో మైకు ముందు తడబడే మనిషి. ఆ రోజు తడబడలేదు.

"వినండప్పా. ఈయన్ను సంపింది తాగుడు కాదు. హెపటైటిస్ బి అని లివరుకు పట్టే వైరస్సు. ఎక్కువమందికి పుట్టేటప్పుడే తల్లి రక్తంలోనించి వస్తాది. తల్లికీ తెలియదు, ఆయమ్మ తప్పేం లేదు. ఏండ్ల తరబడి సప్పుడు సెయ్యకుండా లోపలే ఉండి లివరును తింటాది. ఒక్క సుక్క ముట్టకపోయినా తింటాది. రక్తపరీక్షలో ఉండాది, డాక్టరమ్మ నాతో చెప్పింది. ఈయన తాగి చెడినాడని ఇంకెవరూ అనగూడదు."

మూలన ఒక ముసలాయన, "సదువుకున్నాయన ఇంత దూరం వచ్చి చెప్తా ఉండాడంటే నిజమే అయ్యుంటాదిలే" అని పక్కాయనతో అన్నాడు. ఆమె తలుపు పట్టుకుని అట్లాగే కింద కూర్చుని గట్టిగా ఏడ్చింది. ఇన్ని రోజులూ మొగుడి కోసం ఏడవడానికి కూడా ఆమెకు వీల్లేకపోయిందని నాకప్పుడు అర్థమైంది.

అన్న నెమ్మదిగా లేచి పోయి, ఆకు పక్కనుంచి సీసా తీసి తుండుగుడ్డలో చుట్టుకున్నాడు. మొండిమనిషి, క్షమించమనే రకం కాదు. సారు దగ్గరికి వచ్చి, "తల్లినించి అన్నారే సార్. మాది ఒకే తల్లి" అన్నాడు.

"అవునప్పా. నువ్వూ పరీక్ష చేయించుకోవాల. ఉండచ్చు, లేకపోవచ్చు. ఉన్నా ఇప్పుడే తెలిస్తే మాత్రలుండాయి, ముదరకుండా ఆపచ్చు. ఈమె, పిల్లోళ్ళు కూడా చేయించుకోవాల. వైరస్సు లేదని తేలితే సూదులేస్తారు, ఇంక రాకుండా."

అతను తుండులోని సీసాను చంకలోకి నెట్టుకున్నాడు. మరదలి వైపు తిరిగాడు గానీ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"ఏమ్మా... ఆ ఆస్పత్రిలో యాడికి పోవాల? ఎవుర్ని అడగాల?" అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది.

"ఒక్కడివే పోతే ఆడ నీకెవురూ ఏం సెప్పరు బావా. నేనూ వస్తా. సెప్పిందాకా నేను ఆణ్ణించి లేసేది లేదు."